హల్క్ 181 అట్ట మీద తెల్ల గీతలు, మూల మడత, టేపు ఉంటే గ్రేడ్ ఎంత వస్తుంది?

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక గరాజ్ సేల్‌లో మీరు పెట్టెడు పాత కామిక్స్ కొన్నారు. అందులో 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచిక దొరికింది. స్పైన్ (పుస్తకం మడిచి పిన్నులు కొట్టిన అంచు) వెంట ఆరు చిన్న గీతలు, వాటిలో నాలుగు తెల్లగా కనబడుతున్నాయి. ముందు అట్ట కింద కుడి మూలకి అంగుళం పొడవు మడత, దాని మీద రంగు విరిగింది. కింది స్టేపుల్‌కి తుప్పు. పై అంచున అర అంగుళం చిరుగు, దానికి లోపలివైపు టేపు. అట్ట మీద పెన్సిల్‌తో ఆగస్టు తేదీ. గ్రేడ్ ఎంత వస్తుంది, తెల్ల గీతల మీద సన్న మార్కర్‌తో రంగు వేయొచ్చా, టేపు పీకెయ్యొచ్చా అని అడిగారు.

చివరి రెండు ప్రశ్నలకి ముందే చెప్పేస్తాను. మార్కర్ ముట్టుకోవద్దు, టేపు పీకొద్దు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి ఇది చదవండి. అమెరికా వచ్చాక ఇరవై ఏళ్లకు పైగా ఇవి కొంటున్నాను, పంపిస్తున్నాను, గ్రేడ్లు చూసి సంతోషపడ్డాను, బాధపడ్డాను కూడా. మీ చేతిలో ఉన్నది మామూలు సంచిక కాదు. 1974 నవంబర్ తేదీతో వచ్చింది, అప్పటి ధర 25 సెంట్లు. ఎక్స్-మెన్ సినిమాల్లో కనబడే వుల్వరిన్ పూర్తిగా కనిపించిన మొదటి కథ ఇదే. 180లో చివరి పేజీలో మాత్రమే తొంగిచూస్తాడు. అందుకే అట్ట మీద ఒక్క గీత ఉన్నా లేకపోయినా డబ్బులో తేడా గట్టిగా తెలుస్తుంది.

గ్రేడింగ్ స్కేలు 0.5 నుంచి 10.0 వరకు ఉంటుంది. రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ 1970లో మొదటి ధరల గైడ్ తెచ్చినప్పటి నుంచి మింట్, ఫైన్, గుడ్ లాంటి మాటలు వాడుకలో స్థిరపడుతూ వచ్చాయి. 2000లో సీజీసీ అనే సంస్థ వచ్చి పుస్తకాన్ని ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి నంబరు వేయడం మొదలుపెట్టాక అందరూ ఆ అంకెల్లోనే మాట్లాడుతున్నారు. మనవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. 'గుడ్' అంటే 2.0. అంటే బాగా నలిగిపోయి, అట్ట ఊడి వచ్చినా ఫరవాలేదనే స్థాయి. 'వెరీ గుడ్' అంటే 4.0, 'ఫైన్' 6.0, 'వెరీ ఫైన్' 8.0, 'నియర్ మింట్' 9.4. ఎవరైనా అమ్మేవాళ్లు 'గుడ్ కండిషన్' అన్నారని మురిసిపోకండి.

అట్ట లోపాల్లో నేను అన్నిటికంటే ముందు చూసేది ఒకటే: రంగు విరిగిందా, లేదా? మడత పొడవు, గీతల సంఖ్య, అన్నీ దాని తర్వాతే.

ఎందుకో చెప్తాను. ఈ పుస్తకాల లోపలి పేజీలు న్యూస్‌ప్రింట్, మన దినపత్రిక కాగితం లాంటిది. అట్ట మాత్రం వేరు. నున్నటి కాగితం, దాని పైన సన్నటి పూత, ఆ పూత మీద సిరా. కాగితాన్ని కొంచెం వంచితే పూత కూడా దానితోపాటు వంగుతుంది, వదిలితే సర్దుకుంటుంది. హద్దు దాటి వంచితే పూత పగులుతుంది. ఆ పగులులోంచి కింద ఉన్న తెల్లటి పీచు బయటికి కనబడుతుంది. కలెక్టర్లు కలర్ బ్రేక్ అనేది దీన్నే. రంగు విరగని వంపుని మంచి ప్రెస్సింగ్‌తో, అంటే వేడి, తేమ, ఒత్తిడితో నొక్కి సరిచేసే పనితో, దాదాపు మాయం చేయొచ్చు. విరిగిన రంగుని ఏ ప్రెస్సింగూ వెనక్కి తేలేదు. అందుకే అంగుళం పొడవున్న మెత్తటి వంపు కంటే పావు అంగుళం తెల్ల గీత ఎక్కువ నష్టం చేస్తుంది. ఓవర్‌స్ట్రీట్ గైడ్‌లో వెరీ ఫైన్ 8.0 కింద రాసింది కూడా ఇదే లెక్క: పావు అంగుళం మడత ఉండొచ్చు, కానీ రంగు విరగకూడదు.

ఇది కంటితో ఎలా పట్టుకోవాలంటే, గదిలో పెద్ద లైటు ఆపేసి ఒక టేబుల్ ల్యాంపు ఒక్కటే వెలిగించండి. పుస్తకాన్ని బల్ల మీద పరిచి, ల్యాంపుని దాదాపు బల్ల ఎత్తుకి దించి పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టండి. పైనుంచి చూస్తే నున్నగా అనిపించిన అట్ట మీద చిన్న గుంటలు, వేలిముద్రల నొక్కుళ్లు, అలల్లాంటి వంపులు నీడలతో సహా లేచి నిలబడతాయి. ఇప్పుడు ల్యాంపుని నెమ్మదిగా పైకెత్తండి. వెలుతురు నిటారుగా పడ్డాక కూడా ఏ గీత మిగిలిందో అది రంగు విరిగిన గీత. నీడతోపాటు మాయమైనది వట్టి వంపు. మొదటి రకాన్ని కాగితం మీద రాసుకోండి, గ్రేడ్ దాని మీదే ఆధారపడుతుంది.

స్పైన్ వెంట అడ్డంగా ఉన్న చిన్న గీతల్ని స్పైన్ టిక్స్ అంటారు. అవి ఎక్కువగా స్టేపుల్స్ దగ్గరే వస్తాయి. పుస్తకం తెరిచిన ప్రతిసారీ అట్ట ఆ పిన్ను చుట్టూనే లాగబడుతుంది కాబట్టి. 1974లో ఒక పిల్లాడు కొని, చదివి, తమ్ముడికిచ్చి, మళ్లీ చదివితే ఆరు టిక్స్ రావడం వింతేమీ కాదు. మీ ఆరింటిలో రెండు రంగు విరగనివి అన్నారు, అవి ప్రెస్సింగ్‌లో పోవచ్చు. మిగతా నాలుగే లెక్కలోకొస్తాయి. ఆ నాలుగు టిక్స్ ఒక్కటే లోపం అయితే మీది 8.5, 9.0 దగ్గర కూర్చునే పుస్తకం.

అట్ట రంగు కూడా చూడాలి. ముదురు రంగు మీద తెల్ల గీత చీకట్లో అగ్గిపుల్లలా కనబడుతుంది. 1965లో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 28వ సంచిక అట్ట దాదాపు మొత్తం నలుపే. అందుకే దానికి ఎక్కువ గ్రేడ్ ఉన్న ప్రతులు దొరకడం చాలా కష్టం. తెల్ల అట్టల మీద అదే గీత కలిసిపోతుంది, కానీ మురికి, వేలిముద్రలు బయటపడతాయి.

మూల మడత మీ పుస్తకానికి అసలు దెబ్బ. అంగుళం పొడవు, రంగు విరిగింది అంటున్నారు. మడత ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. బొమ్మ మధ్యలో, ముఖం మీదుగా వెళ్లే మడత చూసినవాళ్ల కంటికి వెంటనే తగులుతుంది. మూలలో ఉన్నది అంతగా తగలదు. గ్రేడర్లు ప్రతి లోపానికీ ఇన్ని పాయింట్లు అని కూడికలు తీసివేతలు చెయ్యరు. పుస్తకాన్ని మొత్తంగా చూసి, లోపాలు కలిసి ఎంత ఉన్నాయో తూచి నంబరు వేస్తారు. అయినా రంగు విరిగిన అంగుళం మడత ఉన్న పుస్తకానికి 8.0 ఇవ్వడం నేను చూడలేదు. 7.0 వచ్చినా అదృష్టమే.

ఇక తుప్పు. స్టేపుల్ ఇనుము. గాలిలో తేమ తగిలితే తుప్పు పడుతుంది. పిన్ను మీదే ఉన్న లేత తుప్పు అంత పెద్ద సమస్య కాదు. పిన్ను చుట్టూ కాగితం మీదికి గోధుమరంగు వలయం పాకిందా చూడండి. పాకితే అక్కడ కాగితం బలహీనపడుతుంది, కొన్నాళ్లకు ఆ చోట అట్ట పిన్ను నుంచి ఊడిపోతుంది. ఒక్క స్టేపుల్ దగ్గర ఊడినా గ్రేడ్ పెద్ద మెట్టు దిగుతుంది. 4.0 స్థాయిలో అట్ట వదులుగా ఉండొచ్చు గానీ పూర్తిగా విడిపోకూడదు. విడిపోతే 2.0 ప్రాంతానికి వెళ్లిపోతాం. మీరు స్టేపుల్ మార్చేద్దాం అనుకుంటారేమో, వద్దు. మార్చిన స్టేపుల్ గ్రేడర్ కంట పడుతుంది, ఎందుకంటే పాత రంధ్రం ఆకారం, కొత్త పిన్ను కాళ్ల ఆకారం సరిపోలవు.

టేపు దగ్గర మనసు ఆగదని నాకు తెలుసు. పసుపెక్కిన ఆ ముక్క కొస కొంచెం లేచి ఉంటుంది, గోరుతో పట్టుకుంటే వచ్చేస్తుందేమో అనిపిస్తుంది. రాదు. వస్తే కాగితం పై పొరని తీసుకుని వస్తుంది. టేపు జిగురు యాభై ఏళ్లలో పీచులోకి ఇంకిపోయి ఉంటుంది. అర అంగుళం చిరుగు ఒక్కటే ఉండేది కాస్తా, పీకాక చిరుగు, ఊడిన పొర, జిగురు మరక మూడూ మిగులుతాయి. టేపు ఉండటాన్ని లోపంగా లెక్కిస్తారు, మరమ్మతు చేసి దాచారని మాత్రం అనరు. ఆ తేడా పెద్దది.

ఎందుకు పెద్దదో నా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొనడం మొదలుపెట్టిన రెండో ఏడు ఒక కామిక్స్ షోలో, ఒక అమ్మకందారు దగ్గర, నల్లటి అట్ట ఉన్న అరవైల నాటి సంచిక కొన్నాను. స్పైన్ చూస్తే ఒక్క తెల్ల గీత లేదు. ఎంత బాగుందో అని మురిసిపోయి, ఆరు నెలలు దాచుకున్న డబ్బు ఇచ్చేశాను. గ్రేడింగ్‌కి పంపితే నీలం లేబుల్ బదులు ఊదా లేబుల్‌తో తిరిగొచ్చింది. నీలం అంటే మామూలు గ్రేడ్. ఊదా అంటే రెస్టోరేషన్ జరిగింది అని. నా దాని మీద కలర్ టచ్ అని రాశారు, ఎవరో టిక్స్ మీద నల్ల సిరా పెట్టారన్న మాట. అప్పుడు ఇంకో ప్రతిలో ఏం చూడాలో నేర్చుకున్నాను. ముందు అట్టని ఎత్తి లోపలి తెల్ల వైపు, స్పైన్ పొడవునా చూడాలి. మార్కర్ సిరా పగులులోంచి దిగి లోపలివైపు చిన్న చిన్న చుక్కల్లా తేలుతుంది, చీమలు బారుగా వెళ్లినట్టు. ఆ తర్వాత ఏ ముదురు అట్ట కొన్నా మొదట చూసేది ఆ లోపలి వైపే. నేను ఇచ్చిన దాంట్లో సగం కూడా తిరిగి రాలేదు.

అందుకే మీ నాలుగు తెల్ల గీతల్ని తెల్లగానే ఉంచండి. 1940ల నాటి చాలా అరుదైన పుస్తకాల మీద చుక్కంత సిరా ఉంటే కొంత చూసీచూడనట్టు పోవచ్చు. 1974 పుస్తకానికి ఆ దయ ఉండదు. దాచని లోపం ఉన్న 5.0 కొనడానికి జనం ముందుకొస్తారు. దాచిన లోపం ఉన్న 8.0ని చూసి వెనక్కి వెళ్తారు.

పెన్సిల్ తేదీ గురించి టెన్షన్ పడకండి. అప్పట్లో అట్ట మీద వేసే నెల, పుస్తకం దుకాణానికి వచ్చిన నెలకి రెండు మూడు నెలల తర్వాతది అయ్యుండేది. నవంబర్ పుస్తకం ఆగస్టులో రావడం మామూలే. దుకాణం వాళ్లు ఏ సరుకు ఎప్పుడొచ్చిందో గుర్తు కోసం తేదీ రాసుకునేవారు లేదా స్టాంపు వేసేవారు. అలాంటి చిన్న గుర్తులతోనే మంచి గ్రేడ్లు వచ్చిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. రబ్బరుతో తుడిచే ప్రయత్నం మాత్రం వద్దు. పెన్సిల్ పోయినా దాని చోట మెరుపు పోయిన మచ్చ మిగులుతుంది. నాకైతే ఆ తేదీ చూస్తే ముచ్చటేస్తుంది. ఎవరో దుకాణదారుడు చెవి మీది పెన్సిల్ తీసి రాసిన రోజు అది.

అదే దుకాణాల వల్ల ఇంకో రకం నష్టం కూడా జరిగింది. అమ్ముడుపోని పుస్తకాలకి డబ్బు వెనక్కి రావాలంటే పుస్తకం మొత్తం పంపక్కర్లేదు, అట్ట పైభాగం కత్తిరించి పంపితే చాలనే పద్ధతి ఉండేది. అందుకే పేరున్న పై ముక్క లేని కామిక్స్ పాత పెట్టెల్లో కనబడుతుంటాయి. మీ పెట్టెలో ఉంటే వాటికి గ్రేడ్ 0.5 దగ్గర ఉంటుంది. అలాగే పోస్టులో తెప్పించుకున్న పుస్తకాలని నిలువుగా మధ్యకి మడిచి పంపేవారు. అట్ట నడిమధ్య పైనుంచి కిందికి ఒక గీత ఉంటే అది చందాదారుడి ప్రతి అని అర్థం.

అచ్చు దగ్గరే పుట్టిన లోపాలకి గ్రేడర్లు కొంచెం మెత్తగా ఉంటారు. అట్ట కాస్త వంకరగా చుట్టుకోవడం, స్టేపుల్ పక్కకి జరగడం, మూల దగ్గర బైండింగ్ చిరుగు లాంటివి. యాభైల చివర, అరవైల మొదట్లో మార్వెల్ (హల్క్‌ని వేసే సంస్థ) పుస్తకాల కుడి అంచున అట్ట చిన్న పెచ్చులుగా ఊడి ఉంటుంది. కత్తిరించే బ్లేడు మొద్దుబారడం వల్ల అలా అయ్యేదని చెబుతారు. దానికి మార్వెల్ చిప్పింగ్ అనే పేరే పడిపోయింది. మెత్తగా ఉంటారంటే వదిలేస్తారని కాదు, పెచ్చులు ఎక్కువైతే గ్రేడ్ తగ్గుతుంది.

అంచులు కత్తిరించి శుభ్రం చేయడం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాల్సిందే. మన ఇళ్లల్లో చందమామలు ఏడాదివి కలిపి బైండు చేయించేవాళ్లం గుర్తుందా? బైండరు కుట్టాక మూడు వైపులా కట్టరుతో కోసి నున్నగా చేసిచ్చేవాడు, మనకి అదే అందం. ఇక్కడ అది పెద్ద నేరంతో సమానం. ఒక మిల్లీమీటరు కోసినా ట్రిమ్మింగ్ అంటారు, రెస్టోరేషన్ కింద ఊదా లేబుల్ వస్తుంది. మీ పెట్టెలో ఏ పుస్తకమైనా తోటివాటి కంటే వెంట్రుకవాసి పొట్టిగా, అంచులు మరీ పదునుగా ఉంటే అనుమానించండి.

ఇప్పుడు మీ పుస్తకానికి నా అంచనా. టిక్స్ వల్ల 9.0 లోపు. మూల మడత వల్ల 7.0 లోపు. తుప్పు పిన్ను మీదే ఉంటే 6.0 దగ్గర ఆగుతుంది. చిరుగు, టేపు కలిపితే 5.0. వలయం కాగితం మీదికి పాకి ఉంటే 4.5. ఫోటోలు చూడకుండా చెప్తున్నాను కాబట్టి అర మెట్టు అటూ ఇటూ ఉంటుంది. ఆ నంబరు విని నిరాశపడకండి. ఈ సంచిక ఎంత మందికి కావాలంటే, 5.0 కూడా వెంటనే అమ్ముడుపోతుంది. 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, సూపర్‌మ్యాన్ పుట్టిన పుస్తకం, 8.5 గ్రేడ్ ప్రతి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అది 10.0 కాదు, 9.8 కూడా కాదు. కావాల్సింది ఏ పుస్తకమన్నది ముందు, గ్రేడ్ తర్వాత.

ప్రెస్సింగ్ చేయించాలా అంటే, నా అభిప్రాయం: మీ దానికి పెద్దగా లాభం లేదు. వేడి, తేమ, ఒత్తిడి మూడింటితో వంపులు సరిచేస్తారు, సీజీసీ దాన్ని రెస్టోరేషన్‌గా లెక్కించదు. కానీ మీ గ్రేడ్‌ని కిందికి లాగుతున్నవి మడత, టేపు, తుప్పు. వాటిలో ఒక్కటి కూడా ప్రెస్సింగ్‌తో పోదు. పైగా టేపు ఉన్న చోట వేడి తగిలితే జిగురు కరిగి పాకే ప్రమాదం ఉంది. చేయించాలనుకుంటే టేపు సంగతి ముందే చెప్పి, అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో ప్రయత్నించినవాళ్ల పుస్తకాలు నేను చూశాను. అట్ట మెరుపు పోయి, లోపలి సిరా అట్టకి అంటుకుని ఉంటుంది.

అప్పటిదాకా మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవరులో, ఆమ్లం లేని అట్టముక్క వెనక పెట్టి, నిలువుగా నిలబెట్టండి. బేస్‌మెంట్ వద్దు, అటక వద్దు. బెడ్‌రూమ్ అల్మరా చాలు. సెలవులకి విశాఖ తీసుకెళ్లి మామయ్యకి చూపిద్దాం అని మాత్రం అనుకోకండి. ఆ సముద్రపు గాలిలో రెండు వానాకాలాలు ఉంటే స్టేపుల్ తుప్పు కాగితంలోకి దిగిపోతుంది, గోధుమరంగు మచ్చలు మొదలవుతాయి.

ఇంతసేపూ అట్ట గురించే చెప్పాను. కానీ ఈ సంచికకి అట్ట కంటే ముందు చూడాల్సింది లోపల ఉంది. 1974లో మార్వెల్ వాళ్లు పాఠకుల ఉత్తరాల పేజీలో వాల్యూ స్టాంపులు వేశారు. పిల్లలు కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోవాలని. 181లో ఉన్నది 54వ నంబరు స్టాంపు, షానా ది షీ-డెవిల్ బొమ్మ. చెప్పినట్టే ఎంతోమంది పిల్లలు కత్తిరించేశారు. అది లేకపోతే అట్ట ఎంత మెరుస్తున్నా లోపం ఉందని రాసిన ఆకుపచ్చ లేబుల్ వస్తుంది, లేదా నీలం లేబుల్‌తో గ్రేడ్ అడుగుకి పడిపోతుంది. పైన నేను చెప్పిన 5.0 ఆ స్టాంపు ఉందనుకుని చెప్పినదే.

కాబట్టి ఇప్పుడు చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరనిచ్చి, పుస్తకాన్ని శుభ్రమైన తెల్ల గుడ్డ మీద పెట్టండి. కింది స్టేపుల్ బలహీనంగా ఉంది కాబట్టి ఎడమచేత్తో స్పైన్‌కి కింద ఆసరా ఇవ్వండి. అట్టని నిటారుగా నిలిచేంత వరకే తెరవండి, బల్లకి ఆనేలా పరచొద్దు. ఒక్కో పేజీ మూల కాకుండా మధ్య అంచు పట్టుకుని తిప్పుతూ ఉత్తరాల పేజీ దగ్గర ఆగండి. షానా ఉందో లేదో చూసి రాయండి. ఉంటే ముందు అట్ట, వెనక అట్ట, కింది స్టేపుల్ లోపలివైపు ఫోటోలు పక్క వెలుతురులో తీసి పెట్టండి, అంచనా సరిచేసి చెప్తాను.